గాడిదలకి ఓడిపోవడం ఎట్లా

ఎండాకాలం వచ్చిందంటే రెల్లువాగు మొత్తం ఇసకే. ఒక్క వంపు దగ్గర మాత్రం చెలమ తవ్వితే నీళ్ళూరతాయి. వాన పడేదాకా చుట్టుపక్కల జంతువులన్నిటికీ ఆ చెలమే దిక్కు. నీళ్ళకి కొదవ లేదు, ఊరతానే ఉంటాయి. గొడవంతా ఎవరు ముందు తాగాలన్న దాని మీదే. ముందు తాగినోళ్ళకి తేట నీళ్ళు, ఆఖరున తాగినోళ్ళకి బురద.

ఏ ఏడైనా ఆఖరు గాడిదలే. వాటిని ఎవరూ నెట్టక్కర్లేదు. "మీరు కానివ్వండి, మాకేం తొందర లేదు" అని అవే వెనక్కి జరిగేవి. పోయిన ఎండాకాలం ఆ బురద తాగి గాడిదల పెద్ద బుడ్డమ్మ కూతురు పడకేసింది. బతికిందిగానీ కాళ్ళు ఇంకా సన్నగానే ఉన్నాయి. ఈ ఏడు ఒక్క మెట్టన్నా పైకి జరగాలని బుడ్డమ్మ కోరిక. ఎట్లా జరగాలో మాత్రం దానికి తెలీదు.

ఈసారి చెలమ దగ్గర కొట్లాట మొదలవగానే కాకి కనకమ్మ కిందికి దిగింది. కనకమ్మకి బస్టాండులో టీకొట్టు ముందు కరెంటు తీగ మీద కాపురం. కొట్లో టీవీ ఉంది. లోకంలో దానికి తెలియని సంగతి లేదు.

"కొరుక్కోవడం ఎందుకు, ఆడి తేల్చుకోండి," అంది కనకమ్మ. "టీవీలో పొడుగాటి మనుషులు బుట్టలో బంతేసే ఆట ఆడతారు. వరదకి కొట్టుకొచ్చిన రబ్బరు బంతి రెల్లులో ఉండనే ఉంది. అడుగు ఊడిన గంపలు రెండు తాటిమొద్దులకి కట్టుకుంటే సరి. జట్టుకో గంప, ఎదుటోళ్ళ గంపలో బంతెయ్యాలి."

"ఆట సంగతి సరే, తేల్చడం ఎట్లా?" అన్నాడు నక్క సింగారయ్య. నక్కల జట్టుకి వాడే పెద్ద.

"ఐదు జట్లున్నారు. నక్కలు, కోతులు, పందులు, బాతులు, గాడిదలు. ఒక్కో జట్టు మిగతా నలుగురితో రెండేసి సార్లు ఆడాలి. ఎక్కువ గెలిచినోళ్ళు ఒకటో నెంబరు, ఆ తర్వాతోళ్ళు రెండు, అట్టా కిందికి. మొదటి నలుగురికే ప్లేఆఫ్, అంటే ఆఖరి పోటీ. అందులో ఎట్లా తేలితే చెలమ దగ్గర వంతులు అట్లా. ఐదో జట్టు చెలమ దగ్గర కూడా ఐదోదే."

"ప్లేఆఫ్‌లో ఒకటీ రెండూ తలపడతాయన్న మాట."

"నీకు అన్నీ తొందరే సింగారయ్యా. బాగా ఆడినోళ్ళిద్దరూ ముందే కొట్టుకుంటే ఒకళ్ళు ముందే పోతారు గదా. ఒకటో నెంబరుకి నాలుగో నెంబరు, రెండుకి మూడు. అన్ని ఆటలు కష్టపడి గెలిచినందుకు తేలిక జట్టు దొరకాలి. ఇంకో సంగతి, ఎవరి నెంబరు ముందుంటే ఆట వాళ్ళ నేల మీదే. దీన్ని సీడింగ్ అంటారు."

బుడ్డమ్మ చెవులు రెండూ లేచాయి. "ఊళ్ళో సీడ్స్ కొట్టుకి బస్తాలు మోశాను కనకమ్మా. సీడ్ అంటే గింజ. గెలిస్తే గింజలు పెడతారా?"

"గింజలు కాదు వదినా, నెంబర్లు."

"శనక్కాయలైతే మంచిది," అంది బుడ్డమ్మ. దానికి సగమే వినపడింది.

కోతులు నవ్వి నవ్వి ఇసకలో దొర్లాయి. సింగారయ్య నవ్వలేదు. వాడప్పటికే లెక్కలు మొదలుపెట్టాడు.

"ఇద్దరివీ గెలుపులు సమానమైతే?" అని అడిగాడు.

"మొత్తం ఆటల్లో ఎవరికి ఎక్కువ బుట్టలు పడ్డాయో వాళ్ళు పైన. నీ గంపలో నువ్వే వేసుకున్నా అది ఎదుటోళ్ళ లెక్కే, ముందే చెప్తున్నా."

"మన గంపలో మనం ఎందుకేసుకుంటాం," అన్నాడు సింగారయ్య. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆటలు మొదలయ్యాయి. కోతులకి చేతులున్నాయి, వాళ్ళకి ఎదురు లేదు. నక్కలు ముక్కుతో పొడిచి, తలతో ఎగరేసి, మధ్యలో ఎదుటోళ్ళ తోక తొక్కి గెలుచుకుంటా పోయారు. బాతులు నలుగురు కలిసి బంతిని వీపుల మీద పెట్టుకుని ఎగిరేవి. సగం దూరం వెళ్ళాక నువ్వు సరిగ్గా మోయలేదంటే నువ్వు మోయలేదని తగువేసుకుని కింద పడేసేవి. పందులు మొదట్లో ఓడిపోయారు. వాళ్ళ పెద్ద బండయ్య కాల్లో తుమ్మముల్లు దిగి పడుకున్నాడు. ముల్లు ఊడాక లేచొచ్చాడు. ఇక వాడికి అడ్డం నిలబడ్డోడు లేడు. నిలబడ్డ ఒక్క కోతిని రెల్లు అవతల్నించి వెతికి తెచ్చుకున్నారు.

గాడిదల ఆట మాత్రం చూడలేం. బంతిని పళ్ళతో పట్టుకుని గంప దాకా మోసుకెళ్ళేవి. అక్కడ తల ఎత్తి చూసి, ఇప్పుడేం చెయ్యాలా అని ఆలోచించేవి. ఈలోపు ఎవరో ఒకరు లాక్కుపోయేవాళ్ళు. బండయ్య లేనప్పుడు పందుల మీద ఒకసారి, బాతులు తగువులో ఉన్నప్పుడు బాతుల మీద ఒకసారి గెలిచాయి. అంతే.

కనకమ్మ ఒక్కో గెలుపుకి ఒక్కో గులకరాయి పేర్చింది. చివరికి ఒకే ఒక్క ఆట మిగిలింది, నక్కలకీ గాడిదలకీ. కోతులకి ఆరు రాళ్ళు, నక్కలకి ఐదు. బాతులకి మూడు, పందులకీ మూడే, కాకపోతే బుట్టలు బాతులవి ఎక్కువ. గాడిదలకి రెండు.

ఆ రాళ్ళ ముందు సింగారయ్య చాలాసేపు కూర్చున్నాడు. వాడి బావమరిది గుంటడు వచ్చి పక్కన చేరాడు.

"గాడిదలే గదా బావా. గెలిచేస్తాం. ఆరు రాళ్ళవుతాయి, బుట్టలు మనవే ఎక్కువ, ఒకటో నెంబరు మనదే."

"ఒకటో నెంబరుకి ఎవరు తగులుతారు?"

"నాలుగు."

"నాలుగో చోట ఎవరున్నారు?"

గుంటడు రాళ్ళ వంక చూశాడు. చూసి తోక కాళ్ళ మధ్యకి లాక్కున్నాడు. "బండయ్య మామ."

"ఇప్పుడు గాడిదలకి ఓడిపోయామనుకో. మనం రెండు. రెండుకి మూడు. మూడు ఎవరు?"

"బాతులు." గుంటడికి నోరూరింది. "ఆటలో కొరకొచ్చా బావా?"

"కొరక్కూడదు. ముందు ఓడిపోవాలి. బండయ్యని కోతులకి తగిలిద్దాం. వాళ్ళూ వాళ్ళూ పడి చస్తారు."

"గాడిదలకీ మూడు రాళ్ళవుతాయి గదా మరి?"

"అవనీ. వాటి బుట్టలెన్ని, నా ముందుకాలి వేళ్ళు చాలు. ఎంతమంది సమానమైనా అవి కిందే ఉంటాయి. నీకు బుర్ర లేదుగానీ చెప్పింది చెయ్."

తెల్లారి ఆట. ఓడిపోవడం ఎంత కష్టమో సింగారయ్యకి అప్పుడు తెలిసింది. నక్కలు బంతిని వదిలేశాయి. గాడిదలు పళ్ళతో పట్టుకుని గంప దాకా తీసుకెళ్ళాయి, నిలబడి ఆలోచించాయి. నక్కలు పక్కకి జరిగి దారిచ్చాయి. గాడిదలు ఇంకా ఆలోచించాయి. ఆఖరికి బుడ్డమ్మ తమ్ముడు పోలయ్య బంతి తెచ్చి సింగారయ్య ముందు పెట్టాడు.

"ఇది నీదేమో బాబాయ్, ఇక్కడ పడుంది," అన్నాడు.

"నాది కాదురా నాయనా. ఆ గంపలో వెయ్."

"మా మూతికి అందదు గదా."

సింగారయ్యకి ఒళ్ళు మండింది. ఎండ చూస్తే నెత్తి మీదికొస్తోంది. "మూతి ఎందుకురా. దేవుడు నీకు వెనక కాళ్ళు ఎందుకిచ్చాడు? గంప వైపు వీపు పెట్టు. బంతి వెనకాల పెట్టుకో. వెనక్కి చూడమాక. ఇప్పుడు తన్ను."

పోలయ్య తన్నాడు. బంతి లేచింది, తాటిమొద్దు మీదుగా తిరిగింది, గంపలో పడి కిందికి జారింది.

గాడిదలన్నీ గంప కిందికి చేరి బంతిని వాసన చూశాయి. తర్వాత అన్నీ ఒక్కసారి ఓండ్ర పెట్టాయి. బస్టాండులో టీ తాగేవాళ్ళు కూడా తిరిగి చూశారంట.

"ఇంకోసారి తన్నొచ్చా బాబాయ్?"

"తన్ను, తన్ను. బుడ్డమ్మా, నువ్వు కొంచెం ఎడంగా నిలబడు, ఆ చోటు నించి బాగా పడుద్ది."

ఇక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ఈలోపు గుంటడు తమ గంపలోనే ఒకటి వేశాడు. వాడికి జన్మలో బుట్ట పడింది లేదు. తన గంపకైతే అడ్డం వచ్చేవాడే లేడు, వేసిందల్లా పడుతోంది. వాణ్ణి చూసి మిగతా నక్కలకీ ఉషారొచ్చింది. ఆ వైపు నక్కలు వేస్తున్నాయి, ఈ వైపు గాడిదలు తన్నుతున్నాయి, రెండు వైపులా పడ్డవన్నీ గాడిదల లెక్కే.

"చాలు, చాలు, ఆపండి," అని సింగారయ్య అరిచాడు. ఓండ్రలో ఆ మాట వాడికే వినపడలేదు.

ఆట అయిపోయింది. కనకమ్మ గాడిదల ముందు మూడో రాయి పెట్టింది. తర్వాత తల ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచి బుట్టలు లెక్కపెట్టింది.

"బాతులు, పందులు, గాడిదలు, ముగ్గురివీ మూడేసి రాళ్ళు. బుట్టలు అందరికన్నా గాడిదలవి ఎక్కువ. కాబట్టి గాడిదలు మూడు. బాతులు నాలుగు. పందులు ఐదు."

"ఐదు అంటే?" అన్నాడు బండయ్య. వాడి గొంతు నిదానంగానే ఉంటుంది ఎప్పుడూ.

"ఐదంటే ఇంటికి మామా. ఈ ఏడు ఆఖరు వంతు నీదే."

గుంటడు వేసుకున్న గంప వంక చూశాడు బండయ్య. తర్వాత సింగారయ్య వంక చూశాడు. చూస్తానే ఉన్నాడు.

"నేను రేపు ఆట చూడ్డానికొస్తా," అన్నాడు చివరికి.

గుంటడు బావ చెవిలో అడిగాడు. "అంటే మనకి బాతులు కాదా?"

"బాతులు కోతులకెళ్ళాయి."

"మనకెవరు?"

"నోర్మూసుకుని పడుకో," అన్నాడు సింగారయ్య.

కానీ వాడు మరీ దిగులు పడలేదు. ఎంతైనా గాడిదలే గదా. పైగా నెంబరు తనది ముందు, ఆట నక్కల నేల మీద. నక్కల నేలంటే బొరియల ముందున్న ఇసకదిబ్బ. అక్కడ ఎవరు ఆడినా చుట్టూ నక్కల చుట్టాలన్నీ చేరి ఊళ పెడతాయి. ఆ ఊళకి కోతులకి కూడా చేతుల్లోంచి బంతి జారిపోయేది. ఈసారి పొరుగు కొండ మీద ఉన్న మేనత్తల్ని కూడా పిలిపించాడు.

ఆట మొదలైంది. నక్కలన్నీ మోరలెత్తి ఊళ అందుకున్నాయి. బుడ్డమ్మ ఆగి విన్నది.

"మన కోసం పాడుతున్నార్రా పోలయ్యా," అంది. "ఊరుకుంటే బాగోదు."

గాడిదలు కూడా అందుకున్నాయి. ఒకటి ఆపితే ఒకటి. కాసేపటికి నక్కల మేనత్తలు చెవులు మూసుకుని బొరియల్లో దూరాయి.

గుంటడికి బంతి దొరికింది. ఎవరూ అడ్డం లేరు. నేరుగా తమ గంప దగ్గరికి పరిగెత్తి అలవాటుగా వేసేశాడు.

"ఒరేయ్, అది మన గంప," అని నెత్తి కొట్టుకున్నాడు సింగారయ్య.

"నిన్న ఇందులోనేగా వేశాం బావా."

"నిన్న ఓడిపోడానికిరా. ఇవాళ గెలవడానికి."

"అది ముందు చెప్పాలి గదా," అన్నాడు గుంటడు. వాడికి నిజంగానే బాధేసింది.

అవతల బుడ్డమ్మ గంప వైపు వీపు పెట్టి నిలబడింది. బంతి వెనకాల పెట్టుకుంది. కూతురు సన్నకాళ్ళతో గట్టు మీద నిలబడి చూస్తోంది. బుడ్డమ్మ వెనక్కి చూడలేదు, చూడొద్దని చెప్పారు కాబట్టి. తన్నింది, పడింది. మళ్ళీ తన్నింది, మళ్ళీ పడింది. సింగారయ్య అడ్డం వెళ్దామని రెండడుగులు వేశాడు. ఆ కాళ్ళు గాల్లోకి లేచిన తీరు చూసి మూడో అడుగు వెయ్యలేదు.

గాడిదలు గెలిచాయి. గెలిచి బుడ్డమ్మ నేరుగా సింగారయ్య దగ్గరికొచ్చింది.

"నీ మేలు మర్చిపోను అన్నా," అంది. "ఇన్నేళ్ళలో మాకింత ఓపిగ్గా నేర్పినోళ్ళు లేరు." అది ఎగతాళి కాదు. అందుకే సింగారయ్యకి ఇంకా మండింది.

ఫైనల్లో గాడిదలు కోతులకి ఓడిపోయాయనుకోండి. కోతులు కోతులే. అయినా చెలమ దగ్గర రెండో వంతు వచ్చింది. బుడ్డమ్మ కూతురు జన్మలో మొదటిసారి నీళ్ళలో తన మొహం చూసుకుని, ఎవరో పిల్ల వచ్చిందనుకుని పలకరించింది.

గాడిదల తర్వాత ప్లేఆఫ్‌లో ఓడిన బాతులూ నక్కలూ. ఇద్దరిలో ఎవరు ముందని తగువొచ్చింది. తమ గంపలో తామే వేసుకున్నోళ్ళు వెనక నిలబడాలని కనకమ్మ తీర్పు చెప్పింది. బాతులు తాగడమే కాదు, స్నానాలు కూడా చేసి గాని లేచేవి కాదు. సింగారయ్య ఒడ్డున కూర్చుని చూసేవాడు. బాతులు అంత దగ్గరగా ఉండేవి. కొరక్కూడదు.

ఆఖరు వంతు బండయ్యది. అంటే సింగారయ్య వెనకాలే. ఏ బండయ్యని తప్పించుకుందామని అంత లెక్క వేశాడో, ఆ బండయ్య రోజూ పొద్దున్నా సాయంత్రం వాడి తోక మీద వేడిగా ఊపిరి వదుల్తా నిలబడేవాడు. అప్పుడప్పుడూ "త్వరగా కానివ్వు అల్లుడూ" అనేవాడు, అంతే. సింగారయ్య ఆ ఎండాకాలమంతా ఒక్కరోజు కూడా కడుపు నిండా నీళ్ళు తాగలేదు.

ఒక సాయంత్రం బుడ్డమ్మ తాగి వెళ్తా కనకమ్మని చూసి ఆగింది.

"అన్నీ బాగానే జరిగాయి కనకమ్మా. అడగాలంటే మొహమాటంగా ఉంది. ఆ గింజలు ఎప్పుడిస్తారు?"

కనకమ్మ ఎగిరి బస్టాండుకి వెళ్ళింది. వచ్చేటప్పుడు ముక్కున ఒక వేయించిన శనక్కాయ తెచ్చి బుడ్డమ్మ ముందు వేసింది.

"ఇదే సీడింగు," అంది.

ఎవరితో ఆడితే తేలికని లెక్కలేస్తా కూర్చున్నోడికి, ఆడాల్సిన రోజు తన గంప ఏదో కూడా గుర్తుండదు.