మంగళం పాడని మాట

ఒకానొక రాజ్యంలో, సముద్రానికి దగ్గరగా, అన్నానికి దూరంగా ఉన్న గవ్వలకోట రాజ్యంలో, ఉద్దండరాయుడని ఒక రాజుండేవాడు.

ఆ రాజ్యంలో రెండేళ్లుగా వాన లేదు. మొదటి ఏడు జనం గేదెల్ని అమ్ముకున్నారు. రెండో ఏడు కొనేవాళ్లు లేక ఊరికే వదిలేశారు. ఆ తర్వాత ఊళ్లలో కుక్కలు మొరగడం మానేశాయి. ఎందుకు మానేశాయో నన్నడక్కండి.

రాజుగారి పొట్ట మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన దిగులు వేరు. రేవులో దుకాణం పెట్టుకున్న ఇంగ్లీషు దొర, తాను వెళ్లినప్పుడు కుర్చీలోంచి లేవలేదు. కూర్చునే తలూపాడు. ఆ తలూపు రాజుగారి గుండెలో ముల్లులా దిగింది. ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పే గ్రంథం ఒకటి స్వయంగా చెప్పి రాయించి దొర చేతిలో పెట్టాలని, అది చూసి దొర లేచి నిలబడాలని ఆయన కోరిక.

ఇలా ఉండగా ఒకనాడు రాజుగారి ధాన్యపు గాదెల కాపరి తవిటయ్యను భటులు సభకు ఈడ్చుకొచ్చారు. ముప్పై ఏళ్లుగా ఆ తాళాలు మోస్తున్న మనిషి. ఆ పొద్దున పెద్దగాదె తలుపు బార్లా తెరిచి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు గింజలు పోశాడు.

"ఎవరి ఆజ్ఞ మీద తీశావురా?" అని గర్జించాడు రాజు.

"ఒక పాప ఒచ్చింది మహాప్రెబో. నిన్న. గింజలడిగింది. ఆజ్ఞ నేదమ్మా అన్నాను. ఇయాళ రానేదు. ఎందుకు రానేదా అని ఎళ్లి సూసొచ్చాను. సూసొచ్చి తలుపు తీసినాను."

"ఆజ్ఞ లేకుండా గాదె తలుపు తెరిచినవాడికి ఉరి. రేపు తెల్లవారగానే" అన్నాడు రాజు, ఈగను తోలినంత తేలిగ్గా.

ఆ సభలో పేరన్న అని ఒక యువకుడున్నాడు. రాజుగారు భోంచేశాక ఆయన్ని నవ్వించి అరిగించడం అతని కొలువు. ఆ పూట అతనికే నవ్వు రాలేదు. కానీ కొలువు కొలువే కదా, లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఉరి బాగుంది మహారాజా. తీయాల్సిందే. నా బెంగల్లా దొరగారి కుర్చీ గురించే."

"కుర్చీకేమొచ్చింది?"

"ఉరి తీస్తే కోటకు మైల. పదకొండు రోజులు గ్రంథం ముట్టకూడదు. దొరగారి ఓడ పదో రోజున వెళ్లిపోతుందట. ఇక ఆయన లేవనూ లేవడు, మనం చూడనూ చూడం."

రాజు ఆస్థాన పండితుడు సోమయాజులవైపు చూశాడు. ఆయన గంభీరంగా కళ్లు మూసి తెరిచాడు. "నిజమే ప్రభూ. గ్రంథం మొదలుపెట్టాక కూడా, మంగళం పాడేవరకు కోటలో ప్రాణం తీయరాదు. మన వంశాచారం."

"అయితే ముందు గ్రంథం, తర్వాత ఉరి" అన్నాడు రాజు. "కానీ పది రోజుల్లో ఇంగ్లీషు మాటలన్నీ ఎలా అవుతాయిరా?"

"అన్నీ ఎందుకు మహారాజా? మాటలన్నీ రాయడం మామూలు పండితుల పని. ఒకే ఒక్క మాట పట్టుకుని దాని అంతు చూసిన రాజు ఈ భూమ్మీద ఉన్నాడా?"

రాజు మీసం దానంతటదే పైకి లేచింది. "చిన్న మాట తీసుకుందాం. రన్! దొర తన బోయీల మీద అరుస్తుంటే విన్నాను. రన్ అంటే పరుగు. తాంబూలం నమిలేలోగా అయిపోతుంది. రేపు పొద్దున మొదలు, మధ్యాహ్నం మంగళం, ఆ తర్వాత విందు, సాయంత్రం ఉరి."

ఉరి ఇంతటి మంచి క్రమంలో కూర్చోవడం చూసి ఆయనకే ముచ్చటేసింది.

మర్నాడు సభలో పసుపు గణపతిని నిలిపారు. గ్రంథానికి 'ఉద్దండ ఏకపద రత్నాకరం' అని పేరు పెట్టారు. సోమయాజులు రాజుగారి ముంజేతికి పసుపుదారం కట్టి దీక్షా నియమాలు చదివాడు. మంగళం పాడేదాకా గ్రంథకర్తకు రోజుకొక్క పూటే ఆహారం. గుప్పెడు అటుకులు, చెంబుడు మజ్జిగ. వంటసరుకులుండే ఉగ్రాణానికి తాళం వేసి తాళంచెవి పండితుడి మొలలో.

"ఒక్క పూటకేగా" అన్నాడు రాజు. లోపల బూరెలు వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది. బయట భటులు ఉరికంబానికి తాడు కడుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

సోమయాజులు తాటాకు మీద గంటం ఆనించాడు. "రన్ అనగా పరుగు. సమాప్తం."

"ఆగండాగండి" అన్నాడు పేరన్న. "దొరగారి దగ్గర పన్నెండేళ్లు వండిన బట్లరు దాలయ్యను పిలిపించాను. ఒక్కమాట అడిగేద్దాం."

"వంటవాడా నా గ్రంథానికి సాక్షి?" అన్నాడు రాజు.

"దొరకు ఆకలేసినప్పుడు వచ్చే ఇంగ్లీషు విన్నవాడండీ. అంతకంటే అసలు భాష ఎక్కడుంటుంది?"

దాలయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు. "పరుగొక్కటేనా అంటారేటి బాబూ? ముక్కు కారితే రన్నే. కొవ్వొత్తి కరిగి కారినా రన్నే. గుడ్డ ఉతికితే రంగు దిగిపోద్ది చూడండి, అదీ రన్నే."

పండితుడికి పౌరుషం వచ్చింది. వంటవాడు చెబితే రాసేయడమా? "ప్రమాణం లేనిదే అర్థం రాయను. ప్రతిదీ సభలో కళ్లారా చూడాలి, గ్రంథకర్త కూడా చూడాలి."

పేరన్నకు కావలసింది అదే. తాను అడగాల్సిన నియమాన్ని పండితుడే పెట్టాడు.

కొవ్వొత్తి కోసం రేవుకు మనిషి వెళ్లాడు. రంగుగుడ్డ తెచ్చారు కానీ ఉతకడానికి కోటలో నీళ్లు లేవు. దూరం నుంచి కుండతో తెచ్చేసరికి పొద్దు వాలింది. బూరెలు చల్లారిపోయాయి.

"వాసన చూడొచ్చునా?" అని అడిగాడు రాజు.

"వాసనకు దోషం లేదు ప్రభూ" అన్నాడు సోమయాజులు.

రెండో రోజు గడియారం ఆడటం వచ్చింది, రోడ్డు ఊరినుంచి ఊరికి సాగడం వచ్చింది, పుకారు పాకడం వచ్చింది. కడుపు జారడం కూడా వచ్చింది. దానికి ప్రమాణం ఎలాగని పండితుడు తల పట్టుకుంటే, ఆయన్ని చూసి రాజుగారు ఒక్కసారి నవ్వాడు. నవ్వే ఓపిక చాలక వెంటనే ఆపేశాడు.

"ఇంకా ఎన్నున్నాయిరా దాలిగా?" అన్నాడు నీరసంగా.

"లెక్కెట్టలేదు మహాప్రెబో. ఇల్లు నడపడం కూడా రన్నే. దుకాణం నడిపినా రన్నే."

"రాజ్యం నడిపితే?"

"అదీ రన్నే."

రాజు కాస్త తేరుకున్నాడు. "దీనికి ప్రమాణం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. నేనే. రాసుకోండి."

పేరన్న చిన్నగా దగ్గాడు. "కళ్లారా చూసి కదా రాయాలన్నారు పంతులుగారు. అలా పల్లకీలో రాజ్యంలోకి వెళ్లి చూసొస్తే?"

పండితుడు తన నియమాన్ని తానే మింగలేడు. మూడో రోజు పొద్దున పల్లకీ కదిలింది, వెనకే పేరన్న, దాలయ్య, పండితుడు. బోయీలు నడిచారు, పరుగెత్తలేదు. పరుగెత్తే ఓపిక వాళ్లకు లేదు. రన్ అని అరవబోయి రాజుగారు వాళ్ల కాళ్లు చూసి ఊరుకున్నాడు.

ఊళ్లో వీధి తలుపులన్నీ తీసే ఉన్నాయి. దొంగలకు కావలసిందేదీ లోపల లేదు. ఒక అరుగు మీద ముసలమ్మ ఖాళీ చేట చెరుగుతోంది. అలవాటు కాబోలు. పల్లకీని చూసి లేవలేదు.

"నన్ను చూసి లేవదేం?" అన్నాడు రాజు.

"లేవదు కాదు, లేవలేదు మహారాజా" అన్నాడు పేరన్న.

ఊరి చివర దిగుడుబావి. పైన ఎవరూ లేరు, లోపలినుంచి గీస్తున్న చప్పుడు. రాజు వంగి చూశాడు. అడుగున ఒక ఆడమనిషి కొబ్బరిచిప్పతో తడిమట్టి గోకుతోంది. గోకి, గుడ్డలో వేసి, పిండుతోంది. గుడ్డలోంచి చుక్క రావడానికి ఎంతసేపు పట్టిందో, రాజుగారు అంతసేపూ చూస్తూనే ఉన్నాడు.

"దీన్నేమంటారు దాలయ్యా?" అని మెల్లగా అడిగాడు పేరన్న.

"బావి ఎండితే రన్ డ్రై అంటారు బాబూ. గింజలైపోతే రన్ అవుట్."

సోమయాజులు గంటం తీశాడు. "గింజలు లేకపోవడం."

"మన ఇళ్లలో లేవు అనరు కదండీ, నిండుకున్నాయి అంటారు" అన్నాడు పేరన్న.

"అవునవును" అని దిద్దుకున్నాడు పండితుడు.

"మన రాజ్యం ఏలుబడి చల్లగా ఉంది మహారాజా" అన్నాడు పేరన్న. "ఏ ఇంటికి వెళ్లినా నిండుకునే ఉంది."

రాజు తిరిగొచ్చేదాకా పల్లకీ తెర దించుకునే ఉన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం సభ కాసేపు ఆపారు. ఎండకు కోటంతా సోలిపోయి ఉంది. అప్పుడు వంటింటి వెనక ధడేలుమని చప్పుడైంది. ఉగ్రాణం తాళం ఊడి కిందపడింది. దాని పక్కన సన్నికల్లు పొత్రం. ఆ పొత్రం ఎత్తిన చేయి, పసుపుదారంతో సహా, బెల్లం కలిపిన అటుకుల డబ్బాలో మోచేతిదాకా దిగి ఉంది.

రాజుగారు ఒక గుప్పెడు నోట్లో కుక్కుకున్నాడు. రెండో గుప్పెడు ఎత్తాడు.

"మెల్లగా మహారాజా, పొరబోతుంది" అంది చింతపండు బానల వెనకనుంచి ఒక గొంతు.

రాజు అలాగే బిగుసుకుపోయాడు. బానల వెనకనుంచి పేరన్న లేచాడు, నెత్తిన బూజుతో.

"నువ్విక్కడ... ఎలా వచ్చావురా?" అన్నాడు రాజు నోటినిండా అటుకులతో.

"గాలిగవాక్షంలోంచి మహారాజా. సభ ఆపినప్పుడల్లా వచ్చి కూర్చుంటున్నాను. మొదటిరోజే వస్తారనుకున్నాను. ఓర్పుగలవారు, నాలుగోరోజుదాకా ఆగారు."

"ఎవరితోనైనా చెప్పావంటే..."

"నేనేం చెబుతాను? తాళమే చెబుతుంది. ఆజ్ఞ లేకుండా రాజుగారి కొట్టు తెరిచినవాడికేం శిక్షో ఊరికంతా తెలుసు. బయట తాడు కూడా సిద్ధంగా ఉంది. కాకపోతే కట్టినప్పుడు సన్నటి మెడకు కొలిచి కట్టారు."

రాజు గుప్పిటలోని అటుకుల్ని చూసుకున్నాడు. తినలేకపోయాడు, కిందపెట్టలేకపోయాడు.

"నాలుగు రోజులురా పేరన్నా" అన్నాడు చివరికి. గొంతులో రాజు లేడు. "నాలుగు రోజులకే నాకు ఒళ్లు తెలియలేదు. పొత్రం ఎప్పుడు ఎత్తానో కూడా తెలియలేదు."

"తమరు రోజూ గుప్పెడు తిన్నారు మహారాజా" అన్నాడు పేరన్న. ఈసారి అతని గొంతులోనూ చమత్కారం లేదు.

రాజు గుప్పిట విప్పి అటుకుల్ని డబ్బాలో వదిలేశాడు. తర్వాత తవిటయ్యను పిలిపించాడు. సంకెళ్లతో వచ్చిన ముసలివాడు ఊడిన తాళాన్ని, పొత్రాన్ని, రాజుగారి మీసానికి అంటిన బెల్లాన్ని వరసగా చూశాడు.

"ఒరే తవిటయ్యా, నువ్వూ నేనూ ఒకే నేరం చేశామంటున్నాడు వీడు. నువ్వేమంటావు?"

తవిటయ్య తాళాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ముప్పై ఏళ్ల అలవాటు.

"ఒకటే నేరం ఎలాగవుద్ది మహాప్రెబో? నాను తాళంసెవితో తీసినాను. ఇరగ్గొట్టింది తమరు."

రాజు నవ్వాడు. పొట్ట పట్టుకుని, గోడకానుకుని, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. ఆ నీళ్లు నవ్వుతో ఆగిపోలేదని పేరన్న గమనించాడు.

రాజు సంకెళ్లు తీయించి గాదెల తాళాలన్నీ తవిటయ్య చేతికిచ్చాడు. "అన్నీ తెరువు. ఉగ్రాణం కూడా."

ముసలివాడు తాళాలు తీసుకుని గబగబా నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పాపకే ఒక్కరోజు ఆలీసెం అయిపోనాది" అన్నాడు తనలో తాను.

ఇంతలో సోమయాజులు రొప్పుకుంటూ వచ్చాడు. "ప్రభూ! దీక్షాభంగం! గ్రంథాన్ని మరొకరికి అప్పగించకపోతే వంశానికి కీడు!"

రాజు కళ్లు తుడుచుకుని పేరన్నను చూశాడు. మీసం మళ్లీ మెల్లగా పైకి లేచింది.

"నాకింత బుద్ధి చెప్పినవాడికి బహుమానం ఇవ్వొద్దూ? చేయి చాపరా."

పేరన్న చేయి చాపాడు, కంకణం కోసం. రాజు తన ముంజేతి పసుపుదారం విప్పి అతని ముంజేతికి కట్టాడు.

"నేటినుంచి గ్రంథకర్తవు నువ్వే. గుప్పెడు అటుకులు, చెంబుడు మజ్జిగ. మంగళం పాడేదాకా."

ఈసారి నోరు తెరిచి మాట రాక నిలబడ్డవాడు పేరన్న. అక్కడ ఇది విన్నవాళ్లందరూ చాలా రోజుల తర్వాత నవ్వారు. అయితే మంగళం పాడేదాకా కోటలో ఎవరికీ ఉరి ఉండదని ముందుగా గుర్తొచ్చింది కూడా అతనికే. అందుకని చేయి వెనక్కి తీసుకోలేదు.

పదో రోజున దొర ఓడ వెళ్లిపోయింది. గ్రంథం అందలేదు, దొర లేవలేదు, రాజుగారు ఆ ఊసే ఎత్తలేదు. మరుసటేడు వాన పడింది. ఉరికంబం మీద ఎవరో పొట్లపాదు పాకించారు.

పేరన్నకు జుట్టు తెల్లబడింది. దాలయ్యను రోజుకొక్క అర్థం అడుగుతాడు, నిదానంగా రాసుకుంటాడు, గుప్పెడు అటుకులు తింటాడు. ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే, "చిన్న మాటే, అయిపోవచ్చింది" అంటాడు. ఆ రన్ ఇంకా పరుగెడుతూనే ఉంది.