రేగులపాలెంలో ఈ-చెత్త తాజా అయిన వైనం

రేగులపాలెం మునిసిపాలిటీలో ఈ-చెత్త విభాగం అని ఒక గది ఉంది. అందులో సూపరింటెండెంటు విస్సన్న, గుమాస్తా గవర్రాజు, అటెండరు పోలినాయుడు ఉండేవారు. ఊళ్ళోవాళ్ళు పాడైన టీవీలూ ఫోన్లూ తెచ్చిస్తే పుచ్చుకోవడం వాళ్ళ పని. ఎవరూ తెచ్చేవారు కాదు కాబట్టి బోలెడు తీరిక. ఆ తీరికలో తమ తెలివిని తామే మెచ్చుకునేవారు. పైనుంచి వచ్చిన మాటని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసేది జిల్లా మొత్తంలో తామేనని వాళ్ళ గట్టి నమ్మకం. అది నిజమే. చిక్కంతా అక్కడే.

ఓ రోజు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఈ-చెత్త పథకం పాతబడిపోయింది, వెంటనే తాజాపరచండి అని. గవర్రాజు బాగా ఆలోచించి, వాళ్ళావిడ తోటకూర తాజాగా ఉండాలంటే తడిగుడ్డలో చుడుతుందని చెప్పాడు. అంతే. పథకం ఫైలు తీసి, బిందెడు నీళ్ళు పోసి, తడిగుడ్డలో చుట్టిపెట్టారు. మర్నాటికి ఫైలు చల్లగా, మెత్తగా ఉంది. అక్షరాలు మాత్రం లేవు.

ఇక అందులో ఏముందో ఎవరికి తెలుసు? కమిషనరుగారి దగ్గరికెళ్ళి, జనం దగ్గర ఏమేం తీసుకోవాలని అడిగారు. ఆయన మీటింగు హడావుడిలో ఉండి, కరెంటుతో నడిచేవాటిలో పనిచెయ్యనివన్నీ పట్టుకురమ్మని పంపేశాడు.

ఇంకేముంది, లారీ వేసుకుని సంతవీధికి బయల్దేరారు. ఆ రోజు లైను మరమ్మతులని పొద్దుటి నుంచీ ఊళ్ళో కరెంటు తీసేశారు. మొదటింట్లో ఫ్రిజ్ పనిచెయ్యడం లేదు. రెండో ఇంట్లో టీవీ, ఫ్యాను, మిక్సీ ఏవీ పనిచెయ్యడం లేదు. వీధి వీధంతా అదే వరస. ఇన్నాళ్ళూ జనం ఎంత అవస్థ పడ్డారో అని విస్సన్న కళ్ళు చెమర్చాయి. అన్నీ లారీకెక్కించారు.

చివరింట్లో జాకెట్లు కుట్టే మంగతాయారు మాత్రం మోటారు మిషనుకి అడ్డంగా నిలబడింది. ఎల్లుండికి పెళ్ళివారికి పన్నెండు జాకెట్లు ఇవ్వాలని, ఆ మిషనే తన తిండని మొత్తుకుంది.

"ఇప్పుడు పనిచేస్తోందా అమ్మా?" అన్నాడు విస్సన్న.

"కరెంటు లేదు కదండీ."

"నేనడిగింది మిషను గురించి."

"చెయ్యట్లేదండీ, కానీ..."

"రాసుకో గవర్రాజూ. యజమానురాలు ఒప్పుకున్నారు."

సాయంత్రం కరెంటు వచ్చింది. దాని వెనకాలే వీధి మొత్తం మునిసిపాలిటీకి వచ్చింది. మిషను ఇచ్చేదాకా లేవనని మంగతాయారు కమిషనరు గది గుమ్మంలోనే కూర్చుంది. ఆయన ముగ్గుర్నీ పిలిచి చెడామడా తిట్టాడు. పొద్దున్నకల్లా ఎవరివి వాళ్ళకి ఒక్క ముక్క తగ్గకుండా అప్పగించకపోతే ముగ్గురి ఉద్యోగాలూ ఊడతాయన్నాడు.

ముగ్గురూ ఆ సామాన్లు దింపిన షెడ్డుకెళ్ళి అన్నీ వెతికారు. ఎక్కడా ఒక్క ముక్క కనబడలేదు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. లేని ముక్కలు ఎక్కణ్ణుంచి తెచ్చి అప్పగించాలని గవర్రాజు బెంగపెట్టుకున్నాడు. పోలినాయుడు వెళ్ళి సుత్తి తెచ్చాడు.

మర్నాడు పొద్దున్నే మంగతాయారు ఇంటిముందు లారీ ఆగింది. ముగ్గురూ ఓ గోనెసంచి మోసుకొచ్చి పదిలంగా అరుగుమీద దించారు. విస్సన్న చెమట తుడుచుకుని కాగితం ముందుకు చాపాడు.

"నూట పద్నాలుగు ముక్కలమ్మా. సరిచూసుకుని సంతకం పెట్టు. మా దగ్గర ఒక్కటీ ఉంచుకోలేదు."