ఏడో నంబరు రక్తం

మా పెద్ద డాక్టరు గారిని ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులేసుకుంటారు. జవాబు నోటితో చెప్పే అలవాటు ఆయనకి లేదు. ఎక్కడికో తీసుకెళ్తారు, ఏదో చూపిస్తారు, వెనక్కి తెచ్చి దింపేస్తారు. అర్థమైతే అయింది, లేకపోతే నీ ఖర్మ. డాక్టర్ అవసరాల సోమయాజులు గారంటే మెదడు జబ్బులకి కాకినాడలో పెద్ద పేరు. ఆయన ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళుగా రక్తం తీస్తున్నవాణ్ణి నేను, పేరు వరహాలు. నాకు కోపం ఎక్కువంటారు. ఉండనివ్వండి, సూది పట్టుకున్నవాడికి చెయ్యి వణక్కపోతే చాలు.

ఆ మే నెలలో ఆయన్ని గట్టి ప్రశ్న అడిగింది ఆయన శిష్యురాలు డాక్టర్ హైమ. "సార్, ఆపలేని జబ్బుని పదేళ్ళ ముందే కనిపెట్టి ఏం లాభం? ఆ మనిషిని పదేళ్ళ ముందే చంపినట్టు కాదా?" అంది. ఏదో పుస్తకంలో సందేహం అడిగినట్టే అడిగింది గానీ, గొంతు మాత్రం ఆవిడ మాట వినలేదు. ఎందుకు వినలేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు, లేదా నాకొక్కడికే తెలుసని నేననుకున్నాను.

సంగతేమిటంటే, మా దగ్గర అప్పుడు మతిమరుపు జబ్బు మీద, అదే అల్జీమర్స్ మీద, ఒక పరిశోధన నడుస్తోంది. ఆ జబ్బు మాటలోనూ చేతలోనూ బయటపడటానికి పది పదిహేనేళ్ళ ముందే మెదడులో ఒక రకం ప్రోటీను మడ్డిలా పేరుకోవడం మొదలవుతుంది. దాని ఆనవాళ్ళు సన్నగా రక్తంలోకి దిగుతాయి. వాటిని మిషను లెక్కపెడుతుంది. లెక్క ఎక్కువొస్తే వచ్చి తీరుతుందని కాదు, అప్పుడు మెదడుకి స్కానింగు తీసి నిజంగా పేరుకుందో లేదో చూస్తారు. నెమ్మది చేసే మందులు ఒకటీ అరా ఉన్నాయి గానీ పూర్తిగా ఆపేది ఇంకా రాలేదు. మిషను సరిగ్గా చెబుతోందో లేదో తెలియాలంటే ఏ జబ్బూ లేనివాళ్ళ రక్తం కూడా దానికి పెట్టాలి. వాళ్ళని కంట్రోళ్ళు అంటాం. అందుకోసం బయటి మనుషుల్ని బతిమాలే ఓపిక ల్యాబువాళ్ళకి ఏనాడూ ఉండదు. ఎవరో ఒకరు చెయ్యి చాపి "నాది తీసేసుకోండి" అంటారు, పని జరిగిపోతుంది. మా దగ్గర ఎప్పుడూ ఇదే బాగోతం.

ఈసారి చెయ్యి చాపింది హైమ, సూది గుచ్చింది నేను. పేరు రాయకూడదు కనక గొట్టం మీద ఏడు అని అంకె వేశాను. వాళ్ళమ్మకి యాభయ్యో ఏటే మతి పోయిందనీ, కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగిందనీ నాకు తెలీదు. తెలిస్తే చచ్చినా తీసేవాణ్ణి కాదు. ఆవిడ మరిచిపోయి ఇచ్చిందో, గుర్తుండే ఇచ్చిందో ఇప్పటికీ అడగలేదు. ఏడో నంబరు లెక్క మిగతా కంట్రోళ్ళకి రెండింతలు వచ్చింది.

ఇంక అప్పట్నించీ ఆ పిల్లకి కుదురు లేదు. కాలుగాలిన పిల్లిలా మిషను చుట్టూ తిరిగేది. పొద్దున్నే నాకంటే ముందొచ్చి తన రక్తం తనే తీసుకుని మళ్ళీ పెట్టేది. ఒకరోజు కాస్త తగ్గితే ముఖం వెలిగేది, మర్నాడు కాస్త పెరిగితే అన్నం ముట్టేది కాదు. ఆరోసారి నాకు దొరికిపోయింది. "ఏంటమ్మా ఇది, చెయ్యనుకున్నావా, జల్లెడనుకున్నావా?" అని కేకలేశాను. అప్పుడు ఏడ్చేసింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఇంటి దగ్గర ఐదేళ్ళ పాప. "మావారికి తెలీదు వరహాలు గారూ, తెలియనివ్వను. సోమవారం ఏడో నంబరు పేరు మీదే స్కానింగు పెట్టుకున్నాను. సార్‌కి చెప్పనని ఒట్టెయ్యండి," అంది. వేశాను. వేసినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

సరే, ప్రశ్న విన్న పెద్ద డాక్టరు గారు టేబుల్ మీదున్న సోమవారం స్కానింగుల లిస్టుకేసి ఒకసారి, ఆవిడ మోచేతి మడత దగ్గర కమిలిన మచ్చలకేసి ఒకసారి చూశారు. నాకేసి ఒకసారి చూశారు. నేను ఫ్యానుకేసి చూశాను. ఆయన చెప్పులేసుకుని, "వరహాలూ, బండి తియ్యి," అన్నారు.

ఉప్పుటేరు పక్కన బోట్లు బాగుచేసే చోటుకి తీసుకెళ్ళమన్నారు. అది వేట నిషేధం కాలం. రెండు నెలలు సముద్రంలోకి ఎవరూ వెళ్ళకూడదు కాబట్టి చెక్క బోట్లన్నీ ఒడ్డుకి లాగి మరమ్మతు చేయించుకుంటారు. అక్కడ ఓలేటి నూకరాజు అనే ముసలి మేస్త్రీ ఉన్నాడు. వాళ్ళావిడ ఫిట్లకి మా డాక్టరు గారే వైద్యం చేశారు. సముద్రపు పురుగు బోటు చెక్కల్ని లోపల్నించి తినేస్తుందట, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకని నూకరాజు చిన్న చెక్కసుత్తితో పలక పలకనీ తట్టి, చెవి ఆనించి వింటాడు. మేం వెళ్ళేసరికి అదే పనిలో ఉన్నాడు. బోటు యజమాని కామేశు, పురుగు పట్టిందేమోనని మూడ్రోజులుగా వెనకాలే తిరుగుతూ అతన్ని కాల్చుకుతింటున్నాడు.

టక్కు టక్కుమంటూ వచ్చిన సుత్తి, బోటు పొడుగునా అడుగున ఉండే పెద్ద దూలం మీద ఒకచోట బోలుగా పలికింది. నూకరాజు అక్కడ సున్నంతో గీత గీశాడు.

"ఎన్నాళ్ళాగుద్ది మావా? ఏడాదా? మూడేళ్ళా? సెప్పవేం?" అన్నాడు కామేశు.

"నా సుత్తికి తేదీలు తెలవ్వు. ఏ సోట ఉందో తెలుసు, అంతే."

కామేశు ఆగలేకపోయాడు. సుత్తి లాక్కుని గీత మీదే కొట్టడం మొదలెట్టాడు. ఇక్కడేనా, ఇక్కడేనా అంటూ కొట్టిందే కొట్టాడు. పెచ్చులు రాలాయి. ముసలాయన అతని మణికట్టు పట్టుకుని, "ఇన్నది సాల్రా! పురుక్కి పదేళ్ళు పట్టే పని నువ్వు పూటలో సేసేత్తన్నావు," అన్నాడు. నా పక్కన హైమ తన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కామేశు ఇసకలో కూలబడ్డాడు. "ఆ దూలం మారిత్తే?"

"అది మారిత్తే బోటే మార్సినట్టు. కుదరదు."

"కుదరనిదానికి గీతెందుకు గీసావు మావా? సెరిపేయ్! రంగేసేత్తాను, ఎవడికీ తెలవదు," అన్నాడు.

నూకరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "గీత నీకోసం గీసాననుకున్నావేట్రా? నీ బోటెక్కే అయిదుగురి కోసం గీసాను. ఆళ్ళకి తెలిత్తే ఒడ్డు కనపడేంత దూరంలోనే వల ఎయ్యమంటారు, నీళ్ళెక్కుతున్నాయా అని ఒకడు కిందకి సూత్తా ఉంటాడు. తెలవకపోతే నిన్ను నమ్ముకుని నడిసంద్రానికి వచ్చేత్తారు," అన్నాడు.

కామేశు లేచి, నీడలో వల అల్లుకుంటున్న తన మనుషుల దగ్గరికి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. ఏం చెప్పాడో మాకు వినపడలేదు. వాళ్ళలో ఒకడు లేచొచ్చి సున్నపు గీత మీద అరచెయ్యి వేసి చూసుకున్నాడు. "ఇదా? ఈ బయంతోనేనా మూడ్రోజుల్నించీ తిండి మానేసి తిరుగుతున్నావు? రా, ముందు అన్నం తిను," అని కామేశు భుజం పట్టుకుని లాక్కుపోయాడు. హైమ వాళ్ళు కనపడకుండా పోయేదాకా చూస్తూనే ఉంది.

బండి తిప్పి ల్యాబుకొచ్చేశాం. పెద్ద డాక్టరు గారు గదిలోకొచ్చి చెప్పులు విప్పారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, పొమ్మనలేదు మరి.

"ఏడో నంబరు నాది సార్," అంది హైమ. "ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ ఎక్కువే వచ్చింది. నాకు చాలా భయంగా ఉంది."

ఆయన తల ఊపారు.

"మీరు నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు సార్."

ఆయన టేబుల్ మీద ఫోను ఆవిడ వైపుకి జరిపి, "సోమవారం స్కానింగుకి ఒక్కదానివే రాకమ్మా," అన్నారు.