డిప్పమ్మ చదివిన ఒక్క మాట

టైబర్ నది ఒడ్డున, రోము నగరానికి కాస్త దూరంలో ఒక అడవి ఉండేది. అలాంటి ఇలాంటి అడవి కాదు! అక్కడి చెట్ల ఎత్తుకు మేఘాలు కొమ్మల్లో చిక్కుకుని, విడిపించమని బతిమాలేవి. ఆ అడవికి తోడేలు రాజు. కుందేళ్ళు, ఉడుతలు, పిట్టలు ప్రజలు. నడిమధ్య మడుగులో డిప్పమ్మ అనే ముసలి తాబేలు ఉండేది.

అడవికి చట్టం ఉంది. కానీ అది ఘనకంఠుడనే నక్క నోట్లో ఉంది. తాతముత్తాతల నాటి నుంచి ఆ వంశమే దాన్ని కంఠస్థం చేసింది. ఘనకంఠుడు గొంతు సవరించుకుంటే చాలు, మూడు కొండల అవతల రాళ్ళు దొర్లేవి!

మడుగులోని పీతల మీద నక్కకు ఎప్పటినుంచో కన్ను. ఒకరోజు వచ్చి, "ఇకమీదట ఈ చోటు నాది" అంది. డిప్పమ్మ రాజు కొలువుకు వెళ్ళింది.

"మహారాజా, నేను పుట్టిన మడుగు నాకు ఇప్పించండి."

నక్క పకపకా నవ్వింది. "చట్టంలో 'కొలను' అని ఉంది, ముసలమ్మా. నువ్వు 'మడుగు' అన్నావు. మాట తప్పింది, వ్యాజ్యం పోయింది!"

"రెండూ నీళ్ళేగా, నాయనా?"

"నీళ్ళు తాగడానికి. చట్టానికి మాట కావాలి."

డిప్పమ్మను చుక్క నీరు లేని బోడికొండ మీదికి తరిమేశారు. అక్కడ మంచుబిందువులు నాకుతూ బతికింది. వీపు డిప్ప ఎండకు బీటలు వారింది. సాయంత్రం గాలి అడవి వైపు నుంచి వీస్తే మడుగు గట్టు మీది తుంగ వాసన వచ్చేది. డిప్పమ్మ మెడ చాచేది. ఆ మెడ కొండ దిగి సగం దూరం వెళ్ళి వచ్చేదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు! అయినా మడుగు అందేది కాదు.

ఒకనాడు రోము ఇళ్ళ కప్పుల మీద గూడు కట్టుకున్న కొంగ అక్కడ దిగింది.

"అత్తా, విన్నావా? రోము మనుషులకూ నీ బాధే ఉండేది. చట్టం పెద్దల నోళ్ళలోనే ఉండేది. జనం ఒకసారి పంతం పట్టి, ఊరొదిలి కొండెక్కి కూర్చున్నారు కూడా. ఇప్పుడు చట్టాన్ని పన్నెండు పలకల మీద చెక్కించి, సంత నడుమ నిలబెట్టారు!"

"కొండ మనకూ ఉందిగా, అల్లుడూ" అంది డిప్పమ్మ.

కొంగ ఆ మాట మోసుకుని అడవంతా తిరిగింది. నక్క నోటి దెబ్బ తగలని ప్రాణి లేదు. మర్నాటికల్లా అన్నీ బోడికొండ ఎక్కేశాయి. ఆ బరువుకు కొండ జానెడు కుంగింది!

అడవి మూగబోయింది. వేటగాళ్ళు వస్తే కేకవేసే పిట్ట ఒక్కటీ లేదు. ఒక బాణం తోడేలు తోకను రాసుకుంటూ పోయింది. తోడేలు పరుగున కొండెక్కింది. "రండర్రా! మీకేం కావాలి?"

"చట్టం నక్క నోట్లోంచి చెట్ల మీదికి రావాలి" అంది డిప్పమ్మ.

తోడేలు సరేనని అందరినీ అడవికి తీసుకొచ్చింది. పన్నెండు చెట్ల ముందు నక్క నిలబడి చట్టం చెప్పసాగింది. వడ్రంగిపిట్ట టకటకా చెక్కసాగింది. వినడానికి అంతమంది చేరేసరికి ఘనకంఠుడికి ఎక్కడలేని హుషారు వచ్చింది. మూడో చెట్టు దగ్గర, "చట్టాన్ని తప్పుగా చెప్పినవాడు అడవి విడిచిపోవాలి!" అంది. తొమ్మిదో చెట్టు దగ్గర ఇంకా గొంతెత్తి, "పుట్టిన మడుగు పుట్టినవారిదే!" అంది.

టకటక ఆగింది.

"ఏమన్నావు, నాయనా?" అంది డిప్పమ్మ మెల్లగా. "కొలనా? మడుగా?"

నక్క పిట్ట వైపు గబుక్కున తిరిగింది. "అది... కొలను! కొలను అని దిద్దు, పిట్టా!"

"చెక్కింది చెరగదు, మామా" అంది వడ్రంగిపిట్ట.

తోడేలు మూడో చెట్టు వైపు చూసింది, తర్వాత నక్క వైపు చూసింది. ఆ సాయంత్రానికి బోడికొండ మీద నక్క ఒక్కటే మిగిలింది.

డిప్పమ్మ మడుగులోకి దిగింది. బీటల్లోకి నీరు చల్లగా ఇంకింది. అయినా రోజూ ఒకసారి గట్టెక్కి, తొమ్మిదో చెట్టు దాకా నడిచి వెళ్ళేది. డిప్పమ్మకు చదువు రాదు. ఒక్క మాటను మాత్రం ముక్కుతో తడిమి, పైకి చదువుకునేది: "మడుగు." అది ఇంకా అక్కడే ఉందని చూసుకుని, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళేది.

నీతి: చట్టం ఒకరి నోట్లో ఉన్నంతకాలం వారి ఇష్టమే న్యాయం, అందరి కళ్ళ ముందు రాసి ఉంటేనే అది అందరికీ అండ.