దొరగారితో పావుగంట

కొలువులో అందరూ ఇంగ్లీషూ లెక్కలూ నేర్చుకుని తీరాలని సోమవరం రాజావారికి ఒకనాడు ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది.

కారణం లేకపోలేదు. ముందు రోజు కలెక్టరు దొర వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. రాజావారు నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి దళవాయి నవ్వాడు, వంటశాల అధికారి నవ్వాడు, ఆస్థాన వైద్యుడైతే తొడ చరుచుకుని మరీ నవ్వాడు. దొర వెళ్లిపోయాక దుబాసీ సాంబమూర్తి పంతులు తీరిగ్గా చెప్పాడు, దొరగారి గుర్రం చచ్చిపోయిందని.

"అప్పుడే చెప్పవేమయ్యా?" అన్నారు రాజావారు.

"ఏలినవారు నవ్వుతుంటే అర్థమైందనుకున్నాను."

రాజావారి ముఖం ఎర్రబడింది. "ఈ కొలువులో ఒక్కడికీ ఏమీ రాదు! అందరూ నేర్చుకోండి. మాకంటే ఎలాగూ..." అని ఆ మాట అక్కడే ఆపేశారు. మిగతాది ఎవరూ అడగలేదు.

కొలువులో హాస్యగాడు పేర్రాజు ఖాళీగా పడివున్న పాత ఏనుగుసాల శుభ్రం చేయించి సాయంత్రం బడి పెట్టించాడు. పంతులు సాంబమూర్తే.

మొదటి సాయంత్రం ఒక్కడే వచ్చాడు, పేర్రాజు. మిగతావాళ్లు తమకు అన్నీ వచ్చని కబురు పంపారు. పేర్రాజుకూ వాళ్లకూ చదువులో తేడా లేదు. తనకు రాదని పైకి చెప్పేవాడు పేర్రాజొక్కడే, అంతే. యాభై దాటిన ఆ మనిషి పలక మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు దిద్ది, అవి చెరిగిపోకుండా పలకను చేతుల్లో ఎత్తిపట్టుకుని ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించాడు. ఆవిడ దీపం దగ్గరకు తెచ్చి మరీ చూసింది.

అందరూ ఇంగ్లీషు నేర్చేసుకుంటే దుబాసీతో పనేముంది? అందుకని సాంబమూర్తి మర్నాడే రాజావారి చెవిన వేశాడు.

"నలభై దాటిన బుర్రలోకి అక్షరం ఎక్కదు మహాప్రభూ. ఈ పేర్రాజు వల్ల కొలువు నవ్వులపాలవుతుంది."

రాజావారికి ఎందుకో ఆ మాట హాయిగా అనిపించింది. "ఏమయ్యా పేర్రాజూ, శుక్రవారంలోగా సాల నిండకపోతే బడి మూసేస్తాం. ఉత్త సాల చూపించి మమ్మల్ని మభ్యపెట్టినందుకు నీ కొలువూ చాలు" అన్నారు.

"నిండితేనో?" అన్నాడు పేర్రాజు.

"నిండితే ఏడాది పొడవునా ఒక్కొక్కరి చేయి పట్టుకుని నేనే అక్షరాలు దిద్దిస్తాను. ఒక్కరినీ కసురుకోను" అన్నాడు సాంబమూర్తి. పంతులు కసురుకోకుండా ఉండటం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

పేర్రాజుకు దిగులు పట్టుకుంది. కొలువు పోతే పోయె, ఆ పలక వదులుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.

గురువారం ఉదయం నిండు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభూ, పొరపాటు నాదే. అన్నీ వచ్చినవాళ్లకు బడి పెట్టాను. ఇంగ్లీషూ లెక్కలూ వచ్చినవాళ్లు ఒక్కసారి చేతులెత్తితే, నా తప్పు ఒప్పుకుని ఇంటికెళ్లిపోతాను."

దళవాయి చేయి లేచింది. వైద్యుడు రెండు చేతులూ ఎత్తాడు. వంటశాల అధికారి గరిటె పట్టుకున్న చేయి ఎత్తాడు. అందరి చేతులూ పైనుంటే రాజుగారిది కింద ఉండటం ఏం మర్యాద? సింహాసనం మీది చేయీ లేచింది.

"చాలా సంతోషం" అన్నాడు పేర్రాజు. "సోమవారం దొరగారు మళ్లీ వస్తున్నారు. గుర్రం పోయి దిగులుగా ఉన్నారు. చేయెత్తిన ప్రతి ఒక్కరూ గదిలో ఆయనతో ఒంటరిగా పావుగంట మాట్లాడి, ఆయన అడిగిన లెక్కలకు జవాబు చెబితే ఆయనకు కాస్త ఊరట. దుబాసీగారు బయట కూర్చుంటారు."

"భేష్! అలాగే కానివ్వండి" అన్నారు రాజావారు, దళవాయికి పడుతున్న చెమటలు చూసి సంబరపడుతూ.

దళవాయి గొంతు సవరించుకున్నాడు. "మరి... బడికి వెళ్లేవాళ్లో?"

"నేర్చుకుంటున్నవాళ్లను పరీక్షకు ఎలా పంపుతామండీ? వాళ్లకు మినహాయింపే."

ఆ సాయంత్రం ఏనుగుసాలలో కాలు పెట్టే చోటు లేదు. ఏనుగున్నప్పుడు కూడా అంత ఇరుకు లేదని మావటివాడు అన్నాడు. దళవాయి బాసింపట్టు వేసుకుని కూర్చుని పలక తలకిందులుగా పట్టుకున్నాడు.

"వరసకు ఎనిమిది మంది చొప్పున పన్నెండు వరసలు నిలబెడితే సిపాయిలెంతమంది?" అని అడిగాడు సాంబమూర్తి.

"చాలామంది" అన్నాడు దళవాయి.

ఎవరూ నవ్వలేదు. అందరూ ఉత్తరీయాల చాటున వేళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. సాంబమూర్తి కసురుకోబోయి, పందెం గుర్తొచ్చి మింగాడు.

అంతలో రాజావారు వేడుక చూడటానికి వచ్చారు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "ఓడిపోయావయ్యా పంతులూ! సాల నిండింది."

"ఇంకా నిండలేదు మహాప్రభూ" అన్నాడు సాంబమూర్తి. "ముందు వరసలో ఒక పీట ఖాళీగానే ఉంది."

నిజమే. పీట మీద పట్టుబట్ట పరిచి ఉంది. పక్కన కొత్త పలక.

"అదెవరిదయ్యా?" అన్నారు రాజావారు.

పేర్రాజు పలక మీంచి తలెత్తలేదు.

"పొద్దున లేచిన చేతుల్లో ఒకటి ఇంకా బడికి రాలేదు మహాప్రభూ."

రాజావారు సాలంతా కలియజూశారు. దళవాయి ఉన్నాడు. వైద్యుడున్నాడు. వంటశాల అధికారి ఉన్నాడు. ఆఖరికి తన కుడిచేతిని చూసుకున్నారు. నవ్వు ఆగిపోయింది. పేర్రాజు తల ఎగిరిపోతుందేమోనని సాలంతా ఊపిరి బిగబట్టింది. సాంబమూర్తి మాత్రం చిరునవ్వు నవ్వాడు.

"దొర దగ్గర... పావుగంటేనా?" అన్నారు రాజావారు మెల్లగా.

"పావుగంటే మహాప్రభూ. ఒంటరిగా."

రాజావారు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, నడిచివచ్చి పీట మీద కూర్చున్నారు. మెడలోని ముత్యాలహారం తీసి పేర్రాజు మెడలో వేశారు. పలక ఒళ్లో పెట్టుకుని, కుడిచేయి సాంబమూర్తి ముందుకు చాపారు.

"పట్టుకోవయ్యా పంతులూ. కసురుకోకూడదు సుమా!"

ఏనుగుసాల కప్పు ఎగిరిపోయేలా నవ్వారందరూ, ఒక్క సాంబమూర్తి తప్ప.