గుట్టవార బీడు

దర్గా పెద్ద నూరుల్లా సాహెబు దగ్గర శిష్యుడిగా చేరకముందు సుంకన్న భూములు కొలిచే ఉద్యోగి. పదకొండేళ్లు కొలత గొలుసు పట్టుకుని తిరిగాడు. ఏ చేను మాగాణి, ఏది మెట్ట, ఏది నల్లరేగడి, ఏది ఎర్ర చెలక, దూరంనుంచి చూసి చెప్పేవాడు.

అతనికి ఇప్పుడొక చిక్కొచ్చింది.

దర్గా కింద నూట ఇరవై ఎకరాల భూమి ఉంది. వాగు పక్కన మాగాణి, దానిపైన రేగడి, ఆపైన చెలక, చివర గుట్టవారన బీడు. ఊళ్లో సెంటు భూమి లేని ఎనిమిది కుటుంబాలవాళ్లు వచ్చి, ఆ బీడులో దున్నుకోవడానికి చోటివ్వమని అడిగారు. తొలకరికి విత్తనం పడకపోతే ఈసారీ పిల్లల్ని చంకనేసుకుని వలసపోవాలి.

సాహెబు ఆ పని సుంకన్నకు అప్పగించాడు. సుంకన్న రెండు రోజుల్లో పటం గీశాడు. మాగాణికి పచ్చ, రేగడికి నలుపు, చెలకకు ఎరుపు వేశాడు. గుట్టవార నలభై ఎకరాలకు ఏ రంగూ వెయ్యలేదు. మధ్యలో పెద్ద అక్షరాలతో ‘నిరుపయోగం’ అని రాశాడు.

"మొత్తం దున్నించేద్దాం స్వామీ. ఎనిమిది ఇళ్లకు తలా ఐదెకరాలు," అన్నాడు, పటాన్ని వంటింటి ముందు అరుగుమీద పరుస్తూ.

సాహెబు చాలాసేపు పటం చూశాడు.

ఆ పూట వంట సుంకన్నదే. పొయ్యి రాజేసి కుండ ఎక్కించాడు. ఇంకా ఎసరు కాగలేదు, సాహెబు వచ్చి మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లాడు.

"పొగ వస్తోందా స్వామీ?"

"ఈ కట్టెలు ఎక్కడివి?"

"గుట్టమీదివి. వన్నూరమ్మ మోపు తెచ్చింది."

సాహెబు చల్లారిన కట్టె ఒకదాన్ని తీసుకెళ్లి పటంమీద, ఆ తెల్లచోట పెట్టాడు. తిరిగి వచ్చి కుండ దించాడు. నీళ్లు పారబోశాడు.

సుంకన్నకు ఏమీ బోధపడలేదు. తన చేతివంట నచ్చలేదా? ఇవాళ ఉపవాసమని తాను మరిచిపోయాడా? పెద్దాయనకు మతి తప్పుతోందా అని కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

"కుమ్మరి ఈ కుండకు మన్ను ఎక్కడ తవ్వుతాడు?" అని అడిగాడు సాహెబు.

"బీడులోనే స్వామీ, గుంతలో."

కుండ కూడా పటంమీదికి వెళ్లింది. తర్వాత మజ్జిగ గిన్నె. దర్గా ఆవులు పగలంతా మేసేది ఆ బీడులోనే. తర్వాత మోదుగాకుల విస్తళ్లు. ఇప్పుడు ‘నిరుపయోగం’లో ఒక్క అక్షరమూ కనబడటం లేదు.

సాహెబు గుప్పెడు జొన్నలు తెచ్చి సుంకన్న దోసిట్లో పోశాడు.

"ఇవి నువ్వు ఎరుపు వేసిన చెలకలో పండినవి. తిను."

సుంకన్న నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. పళ్లకింద రాళ్లలా ఉన్నాయి. నములుతూ పటం వైపు చూశాడు. నమలడం ఆపేశాడు.

"తప్పయింది స్వామీ. ఆ బీడు దున్నకూడదు. వాళ్లకు కుదరదని చెప్పేస్తాను."

సాహెబు అతని చేతులు పట్టుకుని పటం దగ్గరికి తీసుకెళ్లాడు. దోసిలి వంచాడు. గింజలు జలజలా రాలి కుండచుట్టూ, కట్టెచుట్టూ ఆ తెల్లచోటే పడ్డాయి.

సుంకన్న ఖాళీ చేతులతో నిలబడ్డాడు. దున్నుదామంటే కట్టె తెచ్చి పెట్టాడు. వద్దంటే గింజలు పోశాడు. అయితే ఏం చెయ్యాలి?

"మీరే చెప్పండి స్వామీ. నాకు తల తిరిగిపోతోంది."

"నాకూ తెలియదు," అన్నాడు సాహెబు. "పద, చూసొద్దాం."

ఆయన చేతికర్ర తీసుకుని బయల్దేరాడు. సుంకన్న వెంట నడిచాడు. కొలిచినప్పుడు కింద గట్టుమీద నిలబడి కొలిచాడు గానీ ఆ బీడులో అడుగుపెట్టడం అతనికి ఇదే మొదటిసారి. ఒకచోట మెత్తటి మన్ను, నాలుగడుగులకే గులకరాళ్లు. ముళ్లకంప చెప్పుల్ని పట్టుకుంటోంది. ఎక్కడ గీత గీయాలో, అసలు గీత ఉందో లేదో అతనికి అంతుచిక్కలేదు.

కంపల మధ్య వన్నూరమ్మ పుల్లలు ఏరుతోంది. చోటు అడగడానికి వచ్చిన ఎనిమిది ఇళ్లవాళ్లలో ఆమె ఒకతె. వాళ్లను చూసి కొడవలి కింద పెట్టి లేచింది.

సుంకన్న ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నీకెంత కావాలి? ఎక్కడ కావాలి?"

ఆమె అతన్ని వింతగా చూసింది.

"ఇన్నాళ్లకు అడిగినావా సామీ? అదో, ఆ రెండు రేగుచెట్ల నుంచి కిందికి మన్ను మంచిది. ఎనిమిది మందికీ అది చాలు. పైన దున్నితే ఒక్క వానకు మన్నంతా వాగులోకి పోతుంది." తలతో వాలు మీదికి చూపించింది. "అయినా పైనంతా దున్నేస్తే నా మేకలు యాడ మేయల్ల?"

సుంకన్న గురువు వైపు తిరిగాడు.

సాహెబు అప్పటికే ఒక బండమీద కూర్చుని, పాదంలో దిగిన ముల్లు తీసుకుంటున్నాడు.

"నన్నెందుకు చూస్తావు?" అన్నాడు తల ఎత్తకుండా. "ఆమె చెబుతోంది కదా."