ఈమెకి ఎన్నాళ్ల నుంచి?

పేషెంటు జబ్బును యామిని సరిగ్గానే పట్టుకుంది. అయినా పరీక్ష పోయింది.

గుండెజబ్బుల్లో పైశిక్షణకు స్కాట్లండులో సీటు దాదాపు చేతికొచ్చింది. కానీ ఇక్కడ చదివిన డాక్టరు అక్కడ చేరాలంటే, పరీక్షకుల ముందు ఒక పేషెంటును చూసి మెప్పించాలి. ఒకసారి తప్పింది. రెండోసారి ఇంకా తొమ్మిది రోజుల్లో. ఇదీ పోతే సీటు వేరేవాళ్లకు వెళ్తుంది.

తనకు వైద్యం నేర్పిన సాల్మన్ గారి క్లినిక్కు ఏలూరులో ఉంది. పొద్దున్నే అక్కడికి పరుగెత్తుకొచ్చింది. కాలు ఒకచోట నిలవడం లేదు.

"సీటు నాకోసం ఆపారు సార్! ఈసారి పుస్తకం మొత్తం నమిలేశాను. ఏ గుండె చప్పుడైనా వినిపించండి, కళ్లు మూసుకుని చెప్తా."

"పోయినసారి ఎందుకు తప్పించారు?"

"పేషెంటుతో సరిగా మాట్లాడలేదని రాశారు. నా ఇంగ్లీషుకేం సార్, బాగానే ఉందిగా! యాస నచ్చలేదేమో."

సాల్మన్ గారు బల్ల చూపించారు. "పడుకో."

"నేనా?"

"పడుకోమ్మా."

పడుకుంది. ఆయన ఆమె నాడి పట్టుకుని, తలుపు దగ్గరున్న సిస్టర్ దీనమ్మ వైపు తిరిగారు.

"ఈమెకి ఎన్నాళ్ల నుంచి?"

దీనమ్మ తడుముకోలేదు. "పోయిన పరీక్ష నుంచండి."

"ఏమైనా తింటోందా?"

"పుస్తకాలేనండి."

యామిని పకపకా నవ్వింది. "సార్, నేను..."

"కదలొద్దని చెప్పండి," అన్నారాయన దీనమ్మతో. "నిద్ర పడుతోందా?"

"ఎక్కడండీ! అంతంతమాత్రమే."

"అబద్ధం! హాయిగా పడుతోంది!" అంది యామిని. ఇద్దరిలో ఒక్కరూ ఆమె వంక చూడలేదు.

ఆయన చీటీ రాసి దీనమ్మ చేతికిచ్చారు. "రెండు పూటలా వేయండి. వారం తర్వాత తీసుకురండి."

యామిని నవ్వు ఆగిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది. దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"పదకొండేళ్లుగా నేనూ పక్కనున్నవాళ్లనే అడుగుతున్నాను సార్..." అంది.

"లే. బయట పేషెంటు ఉంది, నువ్వు చూడు."

ఒక ముసలామెను కొడుకు నడిపించుకొచ్చాడు. ఆమె కూర్చునేలోపే మొదలుపెట్టాడు. "మూడు నెలల నుంచి ఆయాసమండి మేడమ్. మెట్లెక్కలేదు, అన్నం..."

"ఒక్క నిమిషం ఆగండి." యామిని స్టూలు లాక్కుని ముసలామె ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "నా పేరు యామిని అమ్మా. మీ పేరేంటి? ఏం ఇబ్బందిగా ఉంది మీకు?"

ముసలామె కొడుకు వంక చూసింది. సాల్మన్ గారి వంక చూసింది.

"నన్నేనా అడిగేది?"

"మిమ్మల్నే."

ఆమె పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. "నా పేరు సుబ్బాయమ్మ. మూడు నెలలు కాదు తల్లీ, మూడేళ్లు. వాడికి నేనే చెప్పలేదు."

కొడుకు నోరు తెరిచాడు. సాల్మన్ గారు లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"పదవయ్యా, మనం టీ తాగొద్దాం."